వియన్నాలో నిలబడి విన్న బ్రామ్స్

కార్ల్స్‌ప్లాట్స్ మెట్రోలో దిగితే మ్యూజిక్‌ఫెరైన్ కచేరీ భవనానికి కొద్ది నిమిషాల నడక. వియన్నా ఫిల్హార్మోనిక్ వాద్యబృందం కచేరీకి కుర్చీ టికెట్లు దాదాపు చందాదారులకే పోతాయి కాబట్టి హాలు వెనక నిలబడే చోటుకి తీసుకున్నాను. తలుపులు తీయగానే వెళ్ళి ముందున్న కమ్మీ దగ్గర చోటు పట్టుకోవాలి. వెనకబడితే వేదిక కనపడదు.

1870లో తెరిచిన ఈ హాలు పొడవు 49 మీటర్లు, వెడల్పు 19, ఎత్తు 18 ఉంటాయి. వెడల్పు తక్కువ కాబట్టి పక్కగోడలను తాకిన నాదం అసలు నాదం వెన్నంటే చెవికి చేరుతుంది. బంగారు విగ్రహాలు, గళ్ళ పైకప్పు దాన్ని నలుదిక్కులా చెదరగొడతాయి. జనం నిండితే నాదం అణగడానికి సుమారు రెండు సెకన్లు, ఖాళీగా ఉంటే మూడు. అందుకే రిహార్సల్లో సరిపోయిన బలం కచేరీలో సరిపోదు.

నేను విన్న జర్మన్ స్వరకర్త బ్రామ్స్ రెండో సింఫనీ (వాద్యబృందం కోసం రాసిన, భాగాలుగా సాగే పెద్ద కృతి) 1877 డిసెంబర్ 30న హాన్స్ రిక్టర్ నిర్వహణలో తొలిసారి మోగింది ఇక్కడే. చెల్లోలు, డబుల్ బాస్‌లు (మంద్రంగా పలికే పెద్ద తంత్రీవాద్యాలు) మూడు స్వరాలతో ఎత్తుకుంటాయి. డి అనే పాశ్చాత్య స్వరం మన షడ్జమైతే అది స-ని-స. మొదటి భాగమంతా ఆ మూడింటి మీదే నడుస్తుంది. ఇక్కడ డబుల్ బాస్‌లు వేదిక చివర, గోడ ముందు వరసగా నిలబడతాయి. ఆ మంద్రం గోడ మీంచి హాలంతా పరుచుకుంటుంది.

రెండో బార్‌లో (బార్ అంటే మన తాళావర్తం లాంటి కొలత) హార్న్‌లు, అంటే చుట్టిన ఇత్తడి ఊదువాద్యాలు. వియన్నా హార్న్ ఎఫ్ స్వరానికి కట్టిన ఒకే గొట్టం, సుమారు 3.7 మీటర్లు. గొట్టం పొడవైన కొద్దీ పైస్థాయిలో స్వరాలు దగ్గరపడతాయి, పెదవి బిగువు కాస్త తప్పినా పక్క స్వరం పలుకుతుంది. మిగతా దేశాల్లో పొట్టి గొట్టం కూడా కలిపిన డబుల్ హార్న్ వాడేది ఇందుకే. అయినా ఆ నిండుదనం డబుల్ హార్న్‌లో నాకెప్పుడూ వినపడలేదు.

32వ బార్‌లో మేకతోలు టింపనీ (పెద్ద గిన్నెలాంటి డోలు) సన్నగా ఉరుముతుంది, వెంటనే ట్రాంబోన్‌లు, ట్యూబా అనే బరువైన ఇత్తడి వాద్యాలు. ఇంత ప్రసన్నమైన సంగీతంలో ఈ చీకటి ఎందుకని సంగీత నిర్వాహకుడు విన్సెంట్స్ లాక్నర్ బ్రామ్స్‌ని అడిగాడు. మొదటి భాగం ట్రాంబోన్‌లు లేకుండానే రాయాలనుకున్నాననీ, ఆ ప్రవేశాన్ని మాత్రం వదులుకోలేననీ, తనది విషాద స్వభావమనీ, మన నెత్తిన నల్లరెక్కలు కొట్టుకుంటూనే ఉంటాయనీ బ్రామ్స్ 1879లో జవాబు రాశాడు. హాల్లో విన్నాక ఆ జవాబులో అతిశయం కనపడలేదు.

వెళ్ళేవాళ్ళు స్కోరు (స్వరలిపి) ముందే చూసుకోండి. 2, 32, 454 బార్‌లు గుర్తుంటే చాలు. 454 దగ్గర ఒంటరి హార్న్ మెట్టుమెట్టుగా పైకెక్కి దిగుతుంది. ఆ వాయిద్యగాడికి ఆ సాయంత్రం అసలు పరీక్ష అదే.