స్టాడ్ ద ఫ్రాన్స్‌లో రెండు దీవుల పండగ

నేను పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లింది మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి హర్డిల్స్ చూద్దామని. ఆ పోటీ ఆగస్టు 7న. అక్కడే చదువుకుంటున్న మా మేనల్లుడు, "మామయ్యా, 3వ తేదీ ఆడవాళ్ల వంద మీటర్ల ఫైనల్, అది చూడకుండా ఎలా?" అని పట్టుబట్టి ఇంకో రెండు టికెట్లు సంపాదించాడు. వాడికి ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే.

స్టేడియంలో మా ముందు వరసలో ఒక పెద్దావిడ నీలం జెండా భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుంది. నీలం మీద నలుపు, తెలుపు, పసుపు త్రికోణాలు. ఏ దేశమని అడిగితే సెయింట్ లూసియా అంది. "డారెన్ సామీ వాళ్లది!" అన్నాడు మావాడు. సన్‌రైజర్స్ హైదరాబాద్‌కి ఆడిన మనిషిని మర్చిపోతామా! ఆవిడ మొహం వెలిగిపోయింది. సామీ రెండుసార్లు టీ20 ప్రపంచకప్ ఎత్తినా అది వెస్టిండీస్ పేరు మీదే, మా దేశం పేరు, మా జెండా కనబడేది ఇక్కడే అంది. ఆ మాట విన్నాక నేను ఆ జెండా పక్షమైపోయాను.

దేశం మొత్తం కలిపి సుమారు లక్షా ఎనభై వేల మంది, మన దగ్గర ఒక మోస్తరు పట్టణమంత. 1996 నుంచి ఒలింపిక్స్‌కి వస్తున్నారు, అప్పటిదాకా ఒక్క పతకం లేదు.

వాన పడుతోంది, ఊదారంగు ట్రాక్ తడిసి మెరుస్తోంది. జూలియన్ ఆల్ఫ్రెడ్ పేరు పిలవగానే ఆవిడ లేచి నిలబడింది, ఇక కూర్చోలేదు. నాకూ టెన్షన్ మొదలైంది. తుపాకీ పేలింది. జూలియన్ మొదటి అడుగుల నుంచే ముందుంది, చివరిదాకా ఎవరికీ అందలేదు. 10.72 సెకన్లు! రెండో స్థానంలో వచ్చిన అమెరికా రన్నర్ షకారీ రిచర్డ్‌సన్‌ది 10.87. జూలియన్ ఛాతీ మీదున్న తన పేరు చీటీని పీకి చేత్తో ఎత్తి చూపిస్తూ అరిచింది. పెద్దావిడ ఏడుస్తూ మా ఇద్దర్నీ వాటేసుకుంది.

అదే సాయంత్రం ట్రిపుల్ జంప్‌లో డొమినికాకి చెందిన థియా లాఫాండ్ రెండో దూకులోనే 15.02 మీటర్లు దూకింది. మిగతావాళ్లెవరూ దాన్ని దాటలేకపోయారు. డొమినికన్ రిపబ్లిక్ వేరు, ఇది వేరు; దాదాపు 70 వేల మంది ఉండే దీవి, 2017లో మరియా తుపానుకి అతలాకుతలమైన చోటు. జెండా మధ్యలో చిలక ఉంటుంది. వాళ్లకీ ఒలింపిక్స్‌లో అదే మొట్టమొదటి పతకం. ఒకే సాయంత్రం, ఒకే మైదానంలో, రెండు చిన్న దీవులకి రెండు స్వర్ణాలు! మూడు రోజుల తర్వాత జూలియన్ 200 మీటర్లలో రజతం కూడా గెలిచింది.

చిన్నప్పుడు స్కూలు యూనిఫారంలో, చెప్పుల్లేకుండా పరుగెత్తేదాన్నని జూలియన్ చెప్పింది. సెయింట్ లూసియాలోని జార్జ్ ఓడ్లమ్ స్టేడియాన్ని, 2009లో పక్కనున్న ఆసుపత్రి కాలిపోయాక, రోగుల కోసం ఇచ్చేశారు. పారిస్ ఆటల నాటికీ అందులో ఆసుపత్రే ఉంది. ఈ స్వర్ణంతోనైనా మా దేశంలో కొత్త స్టేడియం కడతారని ఆశిస్తున్నానంది జూలియన్. కట్టి తీరాలి. అక్కడి పిల్లలు పరుగు నేర్చుకోవడానికి ఆమెలా పధ్నాలుగేళ్లకే ఇల్లు వదిలి జమైకా వెళ్లాల్సిన అవసరం రాకూడదు.