ఉల్టా మర

మావాడికి పదహారేళ్లు. షికాగో శివార్లలో ఉంటాం. మొన్న వేసవిలో ఒక గరాజ్ సేల్‌లో పాత ష్విన్ రోడ్ సైకిల్ కొనుక్కొచ్చాడు, ఎనభైల నాటి స్టీల్ ఫ్రేమ్, గేర్లన్నీ పీకేసి ఫిక్సీ చేస్తానన్నాడు. అంటే ఫ్రీవీల్ ఉండదు, చక్రం తిరిగినంతసేపూ పెడల్స్ తిరుగుతూనే ఉంటాయి. సరే అన్నాను గానీ లోపల ఒకటే ఆత్రం, ఎందుకంటే మా నాన్నకి బాపట్లలో సైకిల్ షాపు ఉండేది, చిన్నప్పుడు స్కూలు నుంచి రాగానే పంచర్లు చూసే నీళ్ల తొట్టి దగ్గరే కూర్చునేదాన్ని, ఆ సంగతి వీడికి ఎప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు.

ముందు ఫ్రేమ్ చూశాను. వెనక యాక్సిల్ కూర్చునే గాడి అడ్డంగా పొడుగ్గా ఉంది, హమ్మయ్య అనుకున్నా, అలా ఉంటేనే చక్రాన్ని వెనక్కి లాగి చైను బిగించొచ్చు. అక్కడ వెడల్పు 126 మిల్లీమీటర్లు, వాడు తెప్పించిన ట్రాక్ హబ్బు, అంటే ఫిక్సీ చక్రం మధ్యలో ఉండే ఇరుసు గొట్టం, 120, అందుకని రెండు వైపులా 3 మిల్లీమీటర్ల వాషర్లు వేశాం. పాత చక్రాలు 27 అంగుళాలవి, కొత్తవి 700సి అనే కాస్త చిన్న సైజువి, బ్రేకు రబ్బర్లు 4 మిల్లీమీటర్లు కిందికి దించితే సరిపోయింది.

పళ్లచక్రం ఎక్కింది, దాన్ని ఊడకుండా పట్టి ఉంచే లాక్‌రింగ్ మాత్రం ఎక్కట్లేదు. వాడు పానా పట్టుకుని బలంగా తిప్పబోతుంటే గబుక్కున చెయ్యి పట్టుకున్నా. "ఆగరా, ఉల్టా మర అది, ఎడమకి తిప్పు." పెడల్‌ని వెనక్కి తొక్కి ఆపుతుంటే పళ్లచక్రం ఊడొచ్చేస్తుంది, అందుకే రింగుకి ఎదురు మర పెడతారు. సైకిల్ ఎడమ పెడల్‌ది కూడా ఉల్టా మరే, అది నాకు ఎనిమిదేళ్లప్పుడే నాన్న నేర్పారు. రెండు వేళ్లతో ఇలా తిప్పాడో లేదో చక్కగా ఎక్కేసింది. "నీకెలా తెలుసమ్మా?" అన్నాడు. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లాడు, తెలుగులో అడిగాడు.

వెంటనే నాన్నకి వీడియో కాల్ చేశా. బాపట్లలో అప్పటికి తెల్లారింది. "ముందు చక్రానికి బ్రేకు ఉంచుతానంటేనే తొక్కనివ్వు" అన్నారు మొదటి మాటే, ఉంచాం. తర్వాత "చైను ఎంత ఊగుతోందో చూపించరా" అన్నారు. వీడు ఫోన్ దగ్గరగా పెట్టి చైను మధ్యలో వేలితో నొక్కాడు.

"అరంగుళం ఉండాలి, అంతకన్నా బిగిస్తే బేరింగులు పోతాయి."

"అంగుళం అంటే?"

"ఇంచిరా నాయనా."

వీడు స్కేలు తెచ్చి కొలిచాడు. "ముప్పావు అంగుళం ఉంది తాతయ్యా," అని మళ్లీ పానా తీసుకున్నాడు.