వాగు ఒడ్డున మూలకు పడ్డ మోటరు మళ్లీ తిరిగింది: నా అనుభవం

ఆకేరు వాగు ఒడ్డున దాతల సొమ్ముతో వేసిన చిన్న ఎత్తిపోతల. 7.5 హెచ్‌పీ మోటరు, 24 ఎకరాలు, పన్నెండు మంది రైతులు. రెండు పంటలు పండాక ఆగిపోయింది. దాన్ని నడిపించాలని దిగినప్పుడు మేం మొదట మోటరు విప్పలేదు. నడి ఎండాకాలం దాకా ఆగి, వాగు అడుగంటినప్పుడు టేపు పట్టుకుని ఒడ్డు దిగాం.

పంపు నుంచి నీటి మట్టానికి తొమ్మిది మీటర్లు! పుస్తకం లెక్కలో పంపు గుంజుడు, అంటే కింది నుంచి నీటిని పైకి పీల్చే ఎత్తు, పది మీటర్ల దాకా ఉంటుంది. పైపు రాపిడి, ఫుట్‌వాల్వు (పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే మూత), జాయింట్ల లీకులు పోను చేతికొచ్చేది ఆరేడు మీటర్లే. సర్వే చేసింది దసరా ముందు, వాగు నిండుగా పారేటప్పుడు. యాసంగిలో మట్టం దిగగానే ఫుట్‌వాల్వు గాలి పీల్చింది, ప్రైమింగ్ (పంపులో ముందే నిండి ఉండాల్సిన నీరు) పోయింది, పంపు వట్టిగా తిరిగి సీలు మాడింది. ఇప్పుడు రెండు దిమ్మెలు కట్టించాం: యాసంగికి కిందిది, వానాకాలానికి పైది. తొలకరికి ముందే బోల్టులు విప్పి పంపును పైకెక్కించాలి. ఒక్కరోజు ఆలస్యమైనా వరద పాలే.

మోటరు వైండింగు, అంటే లోపలి తీగ చుట్లు, కూడా కాలింది. దానికి కారణం వేరు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోతే మోటరు మూడు ఫేజులకు బదులు రెండింటి మీదే గుంజుతుంది. ఒక ఫేజు పోగానే మోటరును ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టి, కరెంటు ఎక్కువ గుంజితే ఆపే ఓవర్‌లోడ్ రిలేను నేమ్‌ప్లేటు మీది ఆంపియర్లకు తిప్పాం. ఆటో స్టార్టర్ పీకేశాం. అది ఉంటే పోయిన కరెంటు రాగానే, పంపులో నీళ్లున్నా లేకున్నా, నడిరాత్రి మోటరు దానంతటదే తిరుగుతుంది. టెండరులో వచ్చిన ఆ పంపుకు ఇంపెల్లర్ (లోపల తిరిగి నీటిని తోసే చక్రం) వరంగల్‌లో దొరకలేదు. ఇక్కడి మెకానిక్కు తెలిసిన పంపే కొన్నాం.

ఇవన్నీ పైసలుంటే అయ్యే పనులు. అసలు చిక్కు పైసల దగ్గరే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. స్తోమత ఉన్నవాళ్లు సొంత బోర్లు వేసుకున్నారు. వాగు మోటరు కాలిన రోజున వాళ్లకు తొందర లేదు. బోరు లేని నలుగురే మిగిలారు, అందరూ చివరి పొలాలవాళ్లే. రివైండింగుకు నలుగురి చందా ఎక్కడ సరిపోతుంది? అందుకే మోటరు బాగున్నప్పుడే, నాట్లకు ముందే ఎకరాకు 500 రూపాయలు వసూలు చేస్తున్నాం. పంటకు 12,000 అవుతుంది. బ్యాంకులో వేసి, తీయాలంటే ఇద్దరి సంతకాలు ఉండాలని పెట్టాం. బోరున్నవాళ్లూ కట్టాల్సిందే, లేదంటే వాల్వు మూస్తాం.

వంతు చివరి పొలం నుంచి మొదలవుతుంది. యాసంగిలో వరి లేదు, మక్కజొన్న, కూరగాయలే. ఈ పైపులు ఆరుతడికి లెక్కగట్టినవి, వరి దాదాపు రెండింతలు తాగుతుంది. మొదటి ఏడాది దీని మీదే ఎక్కువ పంచాయితీ నడిచింది.

చెరువుల కింద ఉన్నట్టే నీళ్లు వంతుల ప్రకారం వదిలేందుకు ఒక నీరటిని పెట్టుకున్నాం. ఆయనకు పంటకు ఎకరానికి ఇంతని గింజలు కొలుస్తాం. స్టార్టర్ పెట్టె తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. రెండో తాళంచెవి మా రైతుల సంఘం అధ్యక్షుడి దగ్గర కూడా లేదు.