అనుద్వేగకరం వాక్యం: ఫోన్ చేతిలో ఉన్నవాళ్ళు చేయాల్సిన తపస్సు

పొద్దున్నే ఫోన్ తెరిస్తే ముందు వచ్చేది శ్లోకమే. తామరపువ్వు, పక్కన నెమలిపింఛం, కింద బంగారు అక్షరాల్లో గీతాశ్లోకం, శుభోదయం. చాలా సంతోషం, నేనూ చేతులు జోడిస్తాను. అదే మనిషి అదే గ్రూప్‌లో పది నిమిషాలు తిరక్కుండానే ఇంకో కులం వాళ్ళ గురించో, ఇంకో మతం వాళ్ళ గురించో, తీర్పు ఇచ్చిన జడ్జి గురించో, చదువుకుని ఉద్యోగం చేసుకుంటున్న ఆడపిల్లల గురించో నలుగురిలో పైకి చదవలేని మాట ఒకటి పంపిస్తాడు. శ్లోకం పంపిన వేలూ అదే, ఇది పంపిన వేలూ అదే. మధ్యలో చెయ్యి కడుక్కున్నది కూడా లేదు. ఇది చూసీ చూసీ మనసు కష్టపెట్టుకుని ఇవాళ రాయటానికి కూర్చున్నాను, ఎవర్నో ఒకర్ని ఉద్దేశించి మాత్రం కాదు.

గీతలో పదిహేడో అధ్యాయం, పదిహేనో శ్లోకం. అందరికీ నోటికి వచ్చిందే.

అనుద్వేగకరం వాక్యం సత్యం ప్రియహితం చ యత్ |
స్వాధ్యాయాభ్యసనం చైవ వాఙ్మయం తప ఉచ్యతే ||

దీని ముందు శ్లోకంలో శరీరంతో చేసే తపస్సు, తర్వాత శ్లోకంలో మనసుతో చేసేది చెప్పాడు స్వామి, వాటి జోలికి ఇవాళ వెళ్ళను. నన్ను ఏళ్ళ తరబడి పట్టుకుని వదలనిది మొదటి పంక్తి చివర్లో ఉన్న చిన్న ‘చ’. గీతకి అంత పెద్ద భాష్యం రాసిన ఆదిశంకరులు ఈ ఒక్క అక్షరం దగ్గర ఆగారు. ఎదుటివాడి మనసు కలత పెట్టకపోవటం, సత్యం, ప్రియం, హితం, ఈ నాలుగూ ఒకే మాటలో కలిసి ఉండాలి, కలపటానికే ఆ చకారం ఉంది, వీటిల్లో ఒకటి తగ్గినా రెండు తగ్గినా మూడు తగ్గినా అది వాక్కుతో చేసే తపస్సు కాదు అని తేల్చేశారు.

మరి మనం ఏం చేశాం? ఆ ‘చ’ని తీసి పక్కన పడేసి, నాలుగింటినీ విడగొట్టి తలా ఒకటి పంచుకున్నాం. ‘నాకు దాపరికం లేదండీ, ఉన్నమాట మొహం మీదే అనేస్తా’ అనే ఆయన సత్యం తీసుకున్నాడు. ఎవరేం పెట్టినా దండం బొమ్మ పెట్టే ఆయన ప్రియం తీసుకున్నాడు. ‘నిజమో కాదో తెలీదు, అందరి మంచికే కదా, పంపితే పోయేదేముంది’ అనేవాళ్ళు హితం తీసుకున్నారు. కళ్ళముందు ఒక ఆడమనిషినో, ఒక పేదవాణ్ణో నోటికొచ్చినట్టు తిడుతుంటే ‘మనకెందుకులే గొడవ’ అని ఊరుకున్నవాళ్ళు అనుద్వేగకరం తీసుకున్నారు. ఎవరికి వాళ్ళు నేను గీత ప్రకారమే ఉన్నా అనుకుంటున్నారు, అదే బాధ.

అదే భాష్యంలో శంకరులు ఈ నాలుగూ ఉన్న మాటకి ఒక ఉదాహరణ ఇచ్చారు. అంతటి వాదనాపటిమ ఉన్నవారు, ఎందరి సిద్ధాంతాలనో ఖండించినవారు, ఆదర్శమైన వాక్యం ఎలా ఉంటుందో చూపించాలంటే ఏం తీసుకున్నారో చూడండి. ‘శాంతో భవ వత్స, స్వాధ్యాయం యోగం చానుతిష్ఠ, తథా తే శ్రేయో భవిష్యతి’. శాంతంగా ఉండు నాయనా, చదువుకో, యోగం చెయ్యి, నీకు మంచి జరుగుతుంది. అంతే. ఇందులో వాదన లేదు, అవతలివాణ్ణి ఓడించటం లేదు. ఉన్నదల్లా ‘వత్స’. వత్స అంటే దూడ. తల్లి ఆవు దూడని నాకుతున్నట్టు ఉంటుంది నాకు ఆ పిలుపు వింటే. ఆ ఒక్క మాట తీసేసి వాక్యం మళ్ళీ చదవండి, శాంతంగా ఉండు, చదువుకో. ఉత్త ఆర్డర్ అయిపోయింది! నిజం పోలేదు, హితం పోలేదు, కానీ తపస్సు పోయింది.

నేను అప్పట్నుంచీ ఒకటి చేస్తున్నా, మీరూ చేసి చూడండి. టైప్ చేసిన ప్రతి మాట ముందు ‘నాన్నా’ అనో ‘అమ్మా’ అనో ఊహించుకుని పైకి చదవండి. ‘నాన్నా, ఈ వార్త నిజం కాదు’ అతుకుతుంది. ‘నాన్నా, మీలాంటి వాళ్ళ వల్లే దేశం ఇలా తయారైంది’ అతకదు, ఎంత బలవంతం చేసినా అతకదు. అతకని దాన్ని చెరిపేయండి. ఈ పని మొదలుపెట్టిన కొత్తల్లో నేను రాసినవాటిలో సగానికి పైగా చెరిపేశాను.

మాటే కదా, మాటతో ఏమవుతుంది అంటారు. భారతంలో కర్ణపర్వం గుర్తు తెచ్చుకోండి. కర్ణుడి చేతిలో దెబ్బలు తిని శిబిరానికి వచ్చిన ధర్మరాజు కోపంలో, నీ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్యి అంటాడు అర్జునుడితో. ఆ మాట అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ప్రతిజ్ఞ ఉంది, కత్తి తీశాడు. అప్పుడు కృష్ణుడు చెప్పిన ఉపాయం ఏంటి? పెద్దవాణ్ణి ‘నువ్వు’ అని చులకన చేస్తే చాలు, ఆయన్ని చంపినట్టే లెక్క అన్నాడు. అర్జునుడు అనరాని మాటలు అన్నాడు, అన్నాక గుండె పగిలి తన తల తనే నరుక్కోబోయాడు, దానికీ స్వామే చెప్పాడు, నీ గొప్పలు నీ నోటితో చెప్పుకో, ఆత్మహత్యతో సమానం అని. ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. తూలనాడటం హత్య, స్వోత్కర్ష ఆత్మహత్య, ఈ లెక్కన మనం రోజుకి ఎన్ని కామెంట్లు పెడుతున్నామో ఎన్ని స్టేటస్‌లు పెడుతున్నామో కాస్త ఆలోచించుకోండి.

అక్కడే కౌశికుడి కథ కూడా వస్తుంది. నిజమే చెప్పాలని వ్రతం పట్టినవాడు. దొంగల భయంతో జనం పరిగెత్తి అడవిలో దాక్కున్నారు, దొంగలు వచ్చి, నువ్వు సత్యవాదివి కదా, ఎటు పోయారో చెప్పు అన్నారు, అదుగో ఆ చెట్లూ పొదలూ ఉన్న చోటికి అని చెప్పేశాడు. అందర్నీ చంపేశారు. కౌశికుడు నరకానికి పోయాడు. వ్యాసులవారు కౌశికుణ్ణి పరిచయం చేస్తూ ఒక విశేషణం వేశారు, ‘తపస్వీ న బహుశ్రుతః’ అని, తపస్సైతే ఉంది గానీ ఎక్కువ చదువుకున్నవాడు కాదు అని. ఇప్పుడు మన శ్లోకంలో రెండో పంక్తికి రండి. స్వాధ్యాయాభ్యసనం. మాట గురించి చెప్తూ చెప్తూ స్వామి చదువు ఎందుకు తెచ్చాడు అనుకునేవాణ్ణి. కౌశికుడి దగ్గర లేనిది అదే.

ఇది పురాణకాలం సంగతి అనుకోవద్దు. 2018 జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడా అనే ఊళ్ళో ఐదుగుర్ని జనం కొట్టి చంపేశారు, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఫోన్లలో పుకారు. చచ్చిపోయిన వాళ్ళు భిక్ష అడుక్కుంటూ ఊరూరూ తిరిగే సంచార జాతి వాళ్ళు. ఇంటిముందుకి వచ్చిన భిక్షువుని నారాయణ స్వరూపం అంటాం మనం! ఆ పుకారు ముందుకి తోసినవాళ్ళలో చాలామంది ‘పిల్లల మంచి కోసమే’ అనుకునే తోసుంటారు, అంటే హితం అనుకునే. సత్యం లేని హితం ఎలా ఉంటుందో చూశారు కదా. ఆ నెల్లోనే వాట్సాప్ వాళ్ళు మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్‌లకి మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెట్టారు, 2020లో బాగా చేతులు మారినవాటిని ఒక్కో చాట్‌కే అన్నారు. మెసేజ్ మీద కనపడే ఆ రెండు బాణాల గుర్తు అదే. మన నోటికి మనం వేసుకోవాల్సిన తాళం ఒక యంత్రం వేయాల్సి వచ్చింది. వేసినా, మనవాళ్ళు కాపీ చేసి అతికించి మరీ పంపుతున్నారు.

చట్టం చూసుకుంటుంది కదా అని కొందరు. చట్టం చూసింది. ఐటీ చట్టానికి 2008 సవరణలో 66ఏ అని ఒక సెక్షన్ పెట్టారు, ఆన్‌లైన్‌లో ఎదుటివాడికి చిరాకు, అసౌకర్యం కలిగించేలా పంపినా మూడేళ్ళ వరకు జైలు అని. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చిరాకు అంటే ఏంటో, ఎవరి చిరాకో హద్దు లేదు, ఇది వాక్‌స్వాతంత్ర్యానికి దెబ్బ అంది. నేను ఆ తీర్పుతో పూర్తిగా ఏకీభవిస్తాను, భక్తుడిగానే ఏకీభవిస్తాను. ఎందుకంటే ఉద్వేగం అనేదాన్ని బయటివాడు తూకం వేయలేడు. నా మాటలో విషం ఎంత ఉందో నాకు తెలుసు, నాలో ఉన్న ఆయనకి తెలుసు. పోలీసు చేయించేది తపస్సు ఎలా అవుతుంది. అలాగని చట్టం మొత్తం గీతకి దూరం అని కూడా కాదు. పరువునష్టం సెక్షన్ చూడండి, పాత శిక్షాస్మృతిలో 499, 2024 జూలై 1 నుంచి న్యాయసంహితలో 356, అందులో మొదటి మినహాయింపే నిజం చెప్పటం, కానీ ఉత్త నిజం చాలదు, అది జనం మేలు కోసం అయ్యుండాలి. సత్యం, దానికి తోడు హితం. చట్టం రెండింటి దాకా వచ్చి ఆగింది, మిగతా రెండూ మన బాధ్యత.

ఇంకో మాట, ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. దేవుడి పేరుతో అబద్ధాలు పంపటం ఆపండి. ‘నువ్వేం పోగొట్టుకున్నావని బాధపడుతున్నావు’ అంటూ గీతాసారం అని గోడల మీద వేలాడే పటం ఉంది చూశారా, ఆ వాక్యాలు ఏడువందల శ్లోకాల్లో ఎక్కడా లేవు. మంచి మాటలే, కాదనను, కానీ స్వామి అననిది అన్నాడని చెప్పకూడదు కదా. సూర్యుడిలోంచి ఓంకారం వస్తుంటే నాసా రికార్డు చేసిందట. ప్రణవానికి నాసా సాక్ష్యం కావాలా అండీ? మాండూక్యోపనిషత్తు చాలదా? ఇప్పుడు ఇంకొకటి మొదలైంది, ఏఐని అడిగితే అది అనుష్టుప్ ఛందస్సులా వినపడే శ్లోకం తయారుచేసి ఫలానా పురాణం అని చెప్పేస్తుంది, మనవాళ్ళు దానికి దీపం బొమ్మ తగిలించి పంపేస్తున్నారు. పుస్తకం తీసి చూడండి, అధ్యాయం చూడండి, ముందూ వెనకా నాలుగు శ్లోకాలు చదవండి. దొరకలేదా, పంపకండి. పంపకపోతే పాపం ఏమీ రాదు.

అప్రియమైన సత్యం చెప్పకూడదని మనువు అన్నాడు కదా, మరి తప్పు చూస్తూ ఊరుకోవాలా అని అడుగుతారు. ఊరుకోమని నేనట్లేదు. మారీచుడు రావణుడికి చెప్పలేదూ, ఎప్పుడూ ఇష్టమైనవి చెప్పేవాళ్ళు తేలిగ్గా దొరుకుతారు, ఇష్టం లేకపోయినా మేలు చేసే మాట చెప్పేవాడూ వినేవాడూ దొరకటం కష్టం అని. రాక్షసుడై ఉండి ఎంత మర్యాదగా చెప్పాడు. ఇక హనుమ సంగతి చెప్పేదేముంది, ఈయన మాట వింటే కత్తి ఎత్తిన శత్రువు మనసైనా కరుగుతుంది అని రాముడే అన్నాడు, ‘ఉద్యతాసేరరేరపి’.

ఇంత చెప్తున్న నేను ఏం చేశానో కూడా చెప్పాలి. మూడేళ్ళ కిందట మా కుటుంబం గ్రూప్‌లో మా బాబాయ్ ఒక కోర్టు తీర్పు గురించి ఫార్వర్డ్ పెట్టారు, అది శుద్ధ అబద్ధం. నేను ఆ రాత్రి తీర్పు కాపీ మొత్తం వెతికి, పేజీలకి పేజీలు స్క్రీన్‌షాట్లు తీసి, ఎర్ర గీతలు గీసి, నలభై మంది ఉన్న గ్రూప్‌లో వరసగా పెట్టాను, చివర్లో ‘తెలియకపోతే ఊరుకోవచ్చు కదా’ అని రాశాను. నిజం మొత్తం నా వైపే ఉంది. ఆయన జవాబు ఇవ్వలేదు. నెగ్గాను అనుకున్నాను.

కొన్ని నెలలకి వాళ్ళింటికి వెళ్తే, ‘ఒరేయ్, ఈ ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేయటం ఎలాగో చెప్పరా, ఏమీ ఆనటం లేదు’ అన్నారు. చేసిస్తూ ఊరికే అడిగాను, అప్పుడు నేను పంపిన తీర్పు చదివారా బాబాయ్ అని. ‘బొమ్మల్లో ఉన్నవి ఏం కనపడతాయిరా, కింద నువ్వు రాసిందొక్కటే చదివా’ అన్నారు. మామూలుగానే అన్నారు, కోపం కూడా లేదు. అంటే నేను మోసుకెళ్ళిన సత్యంలో ఆయనకి ఒక్క అక్షరం చేరలేదు, చేరింది ఆ చివరి మాటే. నాకు చిన్నప్పుడు పక్కన కూర్చోపెట్టుకుని శ్లోకాలు పదం పదం విడగొట్టి నేర్పింది ఆయనే.

ఇప్పుడు ఆయన గ్రూప్‌లో ఏదైనా పెట్టబోయే ముందు నాకొక్కడికే పంపిస్తారు, వాయిస్ మెసేజ్, ‘ఇది నిజమేనంటావా నాన్నా’ అని. నేనూ టైప్ చేయను, గొంతుతోనే చెప్తాను, ముందు బాబాయ్ అని పిలిచి అప్పుడు మొదలుపెడతాను. నిన్న రాత్రి కూడా ఒకటి పంపారు, ఏదో కొత్త చట్టం గురించి. నాకూ తెలీదు అది. చదివి చెప్తా బాబాయ్, ఒక్క రోజు ఆగండి అన్నాను. ఇది రాయటం అయ్యాక ఆ పనే ఉంది.