టోపీల్లో పచ్చ కొమ్మలు

మాది కనిగిరి దగ్గర పల్లె. వరసగా వానల్లేక బోరు ఎండిపోయి నాయన మమ్మల్ని తీసుకుని నెల్లూరొచ్చి బేల్దారి పనికి కుదిరాడు. అద్దె ఇంటికోసం తిరిగితే, ఏ వూరని అడిగి, "మెట్టోళ్లకి ఇవ్వంలేమ్మా" అని తలుపేసుకున్నవాళ్లున్నారు. తర్వాత అన్న ఆర్మీలో చేరి యూనిఫాంలో సెలవుకొచ్చిన రోజు అదే వీధిలో పిలిచి కుర్చీ వేసి టీ ఇచ్చారు. అమ్మ మురిసిపోయింది, నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఈ మధ్య అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధంలో పోరాడిన ఐరిష్ (ఐర్లండ్ నుంచి వలసొచ్చిన) సైనికుల గురించి చదువుతుంటే ఆ కుర్చీయే గుర్తొచ్చింది. 1845లో ఐర్లండ్‌లో బంగాళదుంపకి తెగులు పట్టి మొదలైన కరువులో దాదాపు 10 లక్షల మంది పోయారు, మిగిలినవాళ్లలో లక్షలమంది ఓడలెక్కారు. అమెరికాలో కాలువలు తవ్వే పనీ రైలు కట్టల పనీ దొరికాయి గానీ, పోప్ మాట వినే క్యాథలిక్కులు ఈ దేశానికి నమ్మకంగా ఉంటారా అని అనుమానించేవాళ్లు.

అందుకే, తమ నమ్మకం చూపించుకోవాలని, 1861లో యుద్ధం రాగానే చాలామంది సైన్యంలో చేరారు. జీతం కోసం చేరినవాళ్లూ ఉన్నారు, ఇంట్లో పొయ్యి వెలగాలి కదా, అదేం తప్పు కాదు. ఉత్తరాది సైన్యంలో ఐర్లండ్‌లో పుట్టినవాళ్లే సుమారు 1,50,000 మంది. 1862 డిసెంబర్ 13న వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో, ఉత్తరాది వైపు ఐరిష్ వాళ్ల దళమైన ఐరిష్ బ్రిగేడ్‌కి, రాతి గోడ వెనకున్న దక్షిణాది సైన్యం మీదకి వెళ్లమని ఆర్డరొచ్చింది. చిరిగిన పచ్చ జెండాలు చాలావరకు వెనక్కి పంపేశారు, కొత్తవి ఇంకా రాలేదు, అందుకని తామెవరో తెలియాలని పచ్చ కొమ్మలు తుంచి టోపీల్లో పెట్టుకున్నారు. వెళ్లింది సుమారు 1,200 మంది, అందులో 500 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు, కనిపించకుండా పోయారు. గోడ అవతల దక్షిణాది తరఫున జార్జియా పటాలాన్ని నడిపిన కల్నల్ కూడా ఐర్లండ్‌లో పుట్టినవాడే. ఇది చదివి కాసేపు పుస్తకం మూసేశాను.

ఇంకోటి కూడా చెప్పాలి, దాచకూడదు. 1863 జులైలో న్యూయార్క్‌లో, మగవాళ్లని బలవంతంగా సైన్యంలోకి తీసుకుంటూ, 300 డాలర్లు కట్టగలిగినవాడు మాత్రం వెళ్లక్కర్లేదన్న చట్టం మీద పేదలు తిరగబడ్డారు. వాళ్లలో ఐరిష్ వాళ్లే ఎక్కువ. ఆ కోపం చివరికి నల్లజాతివాళ్ల మీద పడింది, మనుషుల్ని చంపి వేలాడదీశారు, పిల్లల అనాథాశ్రమం తగలబెట్టారు. అంత అవమానం పడ్డవాళ్లే తమకన్నా కిందున్నవాళ్లని అలా ఎలా చేశారో నాకు మింగుడుపడలేదు.

మొన్న సెంట్రింగ్ పనికొచ్చిన బీహార్ కుర్రాళ్లు ముగ్గురు మా మేడ మీద గది అడిగారు. నాయన, "వాళ్లకొద్దులేరా" అన్నాడు. మనకి తలుపేసినవాళ్లు గుర్తులేరా అని గట్టిగా అడిగేశాను. ఏమీ మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆదివారం అన్న ఫోన్ చేస్తాడు, అన్న చెబితే నాయన వింటాడు. అన్న చేతే చెప్పించాలి.