తుపాకీ కర్రకు నూనె పట్టించాలా, పీయూ కొట్టించాలా?

పాత 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ వాల్‌నట్ కర్ర వెలిసిపోయిందనగానే చాలామంది పీయూ, అంటే పాలీయురేథేన్ పూత, కొట్టిద్దామంటారు. తడిని ఆపడంలో దానికి సాటిలేదు, నిజమే. కానీ గీత పడితే అక్కడికక్కడ సరిచేయలేం, అతుకు కనిపిస్తుంది. అంచున పొర లేస్తే నీళ్లు లోపలికి దిగి తెల్లగా పొంగుతుంది. మంచి రేఖలున్న వాల్‌నట్‌కు నేనైతే నూనే పట్టిస్తాను. లండన్ తుపాకుల తయారీలో ఉడికించిన అవిసె నూనెలో ఆల్కనెట్ వేరు నానబెట్టి, ఆ ఎర్రని నూనెను అరచేత్తో రుద్దే పద్ధతి ఉండేది. ఆ లోతు పీయూతో రాదు.

పచ్చి అవిసె నూనె మాత్రం వద్దు. వారాలు గడిచినా ఆరదు, వానాకాలంలో బూజు పడుతుంది. ఉడికించినదని అమ్మేదానిలో త్వరగా ఆరే మందులు కలిపి ఉంటాయి. టంగ్ చెట్టు గింజల నుంచి తీసే టంగ్ ఆయిల్ తడికి ఇంకా బాగా ఆగుతుంది, కానీ ఆరడం నిదానం. తేమ ఎక్కువున్న మన కోస్తా ఊళ్లకు ట్రూ-ఆయిల్ లాంటి తుపాకీ కర్ర పూతలు మేలు: తత్వం నూనెదే, ఆరాక పలుచని గట్టి పొర అవుతుంది.

ముందు పాత పూత ఏదో తేల్చుకోండి. బట్ ప్లేట్ (కర్ర వెనక చివర, భుజానికి ఆనే చోట ఉండే పలక) కింద, కనిపించని చోట, స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దండి. జిగురుగా కరిగితే లక్క పాలిష్. దానికి చలించకుండా థిన్నర్‌కు కరిగితే లాకర్ (lacquer) పూత. రెండింటికీ కదలకపోతే పీయూ, లేదా బాగా గట్టిపడిన నూనె.

కర్రను ఇనుము నుంచి విడదీసే పని లైసెన్సున్న గన్‌షాపులోనే చేయించండి. పాత తుపాకుల స్క్రూ తలల మీది గాళ్లు చాలా సన్నం, సరిపోని స్క్రూడ్రైవర్ పెడితే చెడిపోతాయి.

అసలు జబ్బు ఎక్కువగా కర్ర తలభాగంలో, ఇనుము ఆనుకునే చోట ఉంటుంది. గొట్టాలు పైకి పెట్టి నిలబెడితే యాక్షన్‌లో, అంటే తుపాకీ యంత్రభాగంలో, వేసిన నూనె కిందికి జారి అక్కడ ఇంకుతుంది. కర్ర నల్లబడి మెత్తబడుతుంది, పేల్చినప్పుడు దెబ్బ తగిలి చీలుతుంది. సుద్దపొడిని అసిటోన్‌తో ముద్దగా కలిపి అక్కడ పూసి, ఆరాక దులిపేయండి. పొడి పసుపు మరకతో వస్తుంటే ఇంకా నూనె ఉన్నట్టే, మళ్లీ పూయాలి. దగ్గర్లో మంట, సిగరెట్ ఉండకూడదు.

సాండ్‌పేపర్ 220తో మొదలుపెట్టి 320కి వెళ్లండి, కింద గట్టి చెక్క దిమ్మె పెట్టి. వేళ్లతో అరగదీస్తే అంచులు గుండ్రమవుతాయి. ఇనుము పక్కన ఎక్కువ అరగదీస్తే కర్ర ఇనుము కన్నా కిందికి దిగుతుంది, దాన్ని వెనక్కి తేలేం. చెకరింగ్ (పట్టు కోసం కర్ర మీద చెక్కిన గళ్ల గీతలు) జోలికి కాగితం పోనివ్వకండి, పాత టూత్‌బ్రష్ చాలు. తర్వాత తడిగుడ్డతో తుడిచి హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెడితే నూగు లేస్తుంది. దాన్ని 320తో తీసేయండి. తడిపినా నూగు లేవని దాకా ఇదే పని.

రంధ్రాలు పూడ్చడానికి నూనె వేసి 400 కాగితంతో రుద్దితే కర్రపొడి, నూనె కలిసి పేస్టు అవుతుంది. దాన్ని రేఖలకు అడ్డంగా తుడిచి ఒకరోజు వదిలేయండి. రంధ్రాలు నిండేదాకా ఇలా మూడు నాలుగుసార్లు. తలభాగానికీ బట్ ప్లేట్ కింద భాగానికీ టర్పెంటైన్ సగం కలిపిన నూనె, పీల్చడం ఆపేదాకా పట్టించాలి. చెకరింగ్‌కూ అదే, బ్రష్‌తో పలుచగా, మిగిలింది వెంటనే తుడిచేస్తూ.

పైపూతలకు వేలికొనకు రెండు మూడు చుక్కలు చాలు. కర్ర వేడెక్కేదాకా రుద్దండి. మందంగా పూస్తే పైన మీగడ కట్టి లోపల జిగురుగానే ఉంటుంది, ముడతలు వస్తాయి. అలా అయితే టర్పెంటైన్‌తో, అతి సన్నని స్టీల్ ఊల్‌తో తీసేసి మళ్లీ మొదలుపెట్టాలి. వేసవిలో పూతకు పూతకు మధ్య ఒకరోజు చాలు. జల్లుల రోజుల్లో మూడు రోజులు ఆగినా తప్పులేదు: నూనె వాసన పోయి, గోరు ఆనించినా గుర్తు పడకపోతేనే తర్వాతి పూత.

నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. ఆరే నూనె వేడిని పుట్టిస్తుంది, ఆ ఉండ తనంతట తానే అంటుకుంటుంది. బయట విడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి.