జరగని పాఠం

మా తమ్ముడి కూతురు కీబోర్డు నేర్చుకుంటోంది. మాస్టారు పాలకొల్లు వైపు నుంచి బస్సెక్కి, చించినాడ వంతెన దాటి, దిండిలో దిగి, అక్కడి నుంచి ఆటోలో మా ఊరి చర్చికి వస్తారు. శనివారం ఒకటి, ఆదివారం ఆరాధన అయ్యాక ఒకటి. నెలకు ఎనిమిది పాఠాలు. పోయిన నెల మా తమ్ముడు ఆరు పాఠాలకే డబ్బు లెక్క కట్టాడు. ఒక ఆదివారం వీళ్లంతా పెళ్లికి వెళ్లారట, ఒక శనివారం పిల్లకు జ్వరమట. "చెప్పని పాఠానికి డబ్బేమిటి అన్నయ్యా?" అన్నాడు.

ఆ మాట నేను కువైట్‌లో చాలాసార్లు విన్నాను, అరబ్బీలో.

1996 నవంబరు తుఫానుకు మా కొబ్బరి చెట్లలో సగం పడిపోయాయి. మళ్లీ మొక్క నాటి, అది కాపుకు వచ్చేదాకా ఆరేడేళ్లు ఏం తినాలి? కోనసీమలో ఆ తర్వాత గల్ఫ్‌కు వెళ్లినవాళ్లను అడిగితే చాలామంది ఈ లెక్కే చెబుతారు. నేను 1998లో ఇంటి డ్రైవర్ వీసా మీద, అంటే ఇరవై నంబరు వీసా మీద వెళ్లాను. 2019లో తిరిగొచ్చాను. మొదటి పదేళ్ల గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పిల్లల్ని బడికి, మామాను బజారుకు, చేపలకు, డాక్టరు దగ్గరకు తిప్పాను. మామా అంటే కఫీల్ భార్య, కఫీల్ అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని.

రెండో కఫీల్ ఇల్లు సల్వాలో. ఆ ఇంటి హాల్లో ఒక పెద్ద నల్ల పియానో ఉండేది. దాని మీద వెండి చట్రాల్లో కుటుంబం ఫోటోలు. చాలాకాలం అది ఫోటోలు పెట్టుకునే బల్ల అనే అనుకున్నాను. ఒక రోజు ఫోటోలన్నీ తీసేసి, సాల్మియాలో ఒక ఫ్లాట్ చిరునామా నా చేతిలో పెట్టి, "మిస్‌ను తీసుకురా" అన్నారు.

పియానో నేర్పే ఆ మిస్‌ది ఆర్మేనియా. యెరెవాన్ కన్సర్వేటరీలో, అంటే అక్కడి సంగీత కళాశాలలో చదువుకున్నారు. వాళ్ల దేశంలో వేదికల మీద వాయించిన మనిషి. అక్కడ కచేరీలతో ఇల్లు గడవక ఇక్కడికి వచ్చారు. ఆదివారం, మంగళవారం, గురువారం సాయంత్రం నాలుగింటికి ఎక్కించుకుంటే, మా ఇంట్లో ముగ్గురు పిల్లలకు మూడు గంటలు, రుమైథియాలో మామా చెల్లెలి ఇంట్లో ఒక గంట, మిష్రెఫ్‌లో అక్క ఇంట్లో ఒక గంట. తొమ్మిదిన్నరకు మళ్లీ సాల్మియా. ఆవిడ అరబ్బీ నా అరబ్బీ కంటే అధ్వానం, నా ఇంగ్లీషు ఆవిడ ఇంగ్లీషు కంటే అధ్వానం. రెండూ కలిపి ఒక భాష చేసుకున్నాం.

మొదట్లో ఆవిడంటే అసూయగా ఉండేది. గంటకు పదిహేను దినార్లు. ఐదు గంటలకు డెబ్బై ఐదు. నాకు నెలకు తొంభై! కూర్చుని వేళ్లు కదిపే పనికి ఒక సాయంత్రంలో ఇంత ఇస్తారా అనుకున్నాను. నేను ఆ ఐదు గంటలూ గోడ పక్కన కారులో కూర్చునేవాణ్ణి. ఇంజను ఆపేసి ఏసీ లేకుండా ఉండాలి, అది మామా ఆజ్ఞ. కిటికీలోంచి పాఠం వినపడేది. ఎప్పుడూ ఒకటే మాట, "ష్వై, ష్వై". నెమ్మదిగా అని. నాలుగు స్వరాల ముక్క ఒకటి, అదే ముక్క నలభై సార్లు. పిల్లవాడు తప్పు చేసేవాడు, ష్వై ష్వై, మళ్లీ తప్పు. ఆవిడ గొంతు ఒక్కసారి కూడా పెరగడం నేను వినలేదు. నాతో సహా అందరిలోనూ, ఆ ఇంట్లో గొంతు పెంచని మనిషి ఆవిడ ఒక్కతే.

ఒక సాయంత్రం పెద్దపిల్ల కొత్త పాట మొదలుపెట్టింది. వినగానే కారులోనే నవ్వేశాను. రాజోలులో నేను నడిపిన వ్యాను రివర్స్ గేరు వేస్తే మోగేది ఆ పాటే! తిరిగి వెళ్లేటప్పుడు మిస్‌కు ఈ సంగతి చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను, చివరికి కారు నిజంగానే వెనక్కి నడిపి, నోటితో ఆ పాట పాడి చూపించాను. ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. అది బెథోవెన్ అనే జర్మన్ సంగీతకర్త 1810లో రాసిన చిన్న ముక్కట, ఆయన బతికుండగా అచ్చు కూడా కాలేదట, 1867లో అయిందట. ప్రతి పిల్లా అదే నేర్పమంటుంది, మొదటి భాగం వచ్చేయగానే మానేస్తుంది, తర్వాతి భాగాలు కష్టం కాబట్టి. "నీ వ్యాను కూడా మొదటి భాగమే వాయించిందా?" అని అడిగారు. అవునన్నాను.

కారులో ఆవిడ చేతులు ఖాళీగా ఉండేవి కావు. ఒళ్లో ఉన్న సంచి మీద వేళ్లు పరుగెడుతుండేవి. ఉంగరపు వేలు అన్నిటికంటే మొండిదట, పక్కవేళ్లు లేవనిదే తాను లేవదట, దానికి జీవితమంతా చాకిరీ చేయాలట. స్టీరింగు మీద నా ఉంగరపు వేలు ఒక్కదాన్నే ఎత్తి చూసుకున్నాను. నిజమే.

ఆరు నెలలకొకసారి గోవా మనిషి ఒకతను శ్రుతి చేయడానికి వచ్చేవాడు. అతన్ని తీసుకురావడం కూడా నా పనే. మూత తీసినప్పుడు మొదటిసారి లోపలికి చూశాను. మెట్లు ఎనభై ఎనిమిది, తెల్లవి యాభై రెండు, నల్లవి ముప్పై ఆరు. తీగలు మాత్రం రెండు వందల పైచిలుకు, ఎందుకంటే మధ్య మెట్లకూ పై మెట్లకూ ఒక్కోదానికి మూడేసి తీగలు. ఆ తీగల బిగింపంతా కలిపితే దాదాపు ఇరవై టన్నులని చెప్పాడు. ఇరవై టన్నులంటే నాకు అర్థమయ్యే లెక్క, నిండా కొబ్బరికాయలెత్తిన పెద్ద లారీ. దాన్ని ఒక ఇనుప చట్రం మోస్తుంది. కింద పలచని చెక్క పలక ఉంటుంది. ధ్వనంతా దానిదే. ఎండాకాలం ఏసీ గాలికి ఆ చెక్క ఎండి కుంచించుకుపోయి శ్రుతి దిగిపోతుందని అతని గొడవ. నేను మా చర్చి హార్మోనియం సంగతి చెప్పాను. ఆగస్టులో గోదావరి ఎర్రబడి, కాలువ గట్టు దాకా నీళ్లు వచ్చే రోజుల్లో మెట్లు ఉబ్బి, నొక్కితే లేవవు, పాట మధ్యలో ఒక స్వరం మోగుతూనే ఉంటుంది. "అయితే పియానోకు నీ ఊరూ వద్దు, ఈ ఊరూ వద్దు" అన్నాడు.

ఇక డబ్బు సంగతి. నేను సాల్మియా వెళ్లి, ఆవిడను ఎక్కించుకుని, సల్వా మలుపులో ఉండగా మామా ఫోను. "అల్‌యోమ్ మాకూ దర్స్." ఈ రోజు పాఠం లేదు. పుట్టినరోజు, పరీక్ష, మేనత్త వచ్చింది, పిల్లకు నిద్రొస్తోంది. ఆ మాట ఆవిడకు చెప్పాల్సినవాణ్ణి నేనే. అద్దంలో చూడకుండా చెప్పేవాణ్ణి. ఆవిడ "సరే" అని, సంచి మీద వేళ్లు ఆపకుండా, వెనక్కి పోనిమ్మనేవారు. జరగని పాఠానికి డబ్బు లేదు. ఆ సాయంత్రం ఇంకెవరికీ పాఠం చెప్పలేరు కూడా, ఎందుకంటే ఆ గంటలు మాకు రాసిచ్చేశారు. రంజాన్‌లో సగం పాఠాలు పోయేవి. జూన్ నుంచి ఆగస్టు దాకా కుటుంబాలన్నీ లండన్‌కో కైరోకో వెళ్లిపోయేవి, ఆ మూడు నెలలూ సున్నా. ఫ్లాటు అద్దెకు మాత్రం వేసవి సెలవులుండవు కదా. నాకు పాఠం జరిగినా జరగకపోయినా తొంభై వచ్చేది. నా అసూయ ఎప్పుడు పోయిందో సరిగ్గా చెప్పలేను గానీ, అటువంటి ఒక జూన్‌లోనే పోయింది.

పైగా పొద్దున నాలుగు గంటలు ఆవిడ తన కోసం తాను సాధన చేసుకునేవారు. దానికి ఎవరిస్తారు? ఏడాదికి ఒకటో రెండో కచేరీలు, ఏదో రాయబార కార్యాలయం హాల్లో. ఒకసారి నన్నూ లోపలికి రమ్మన్నారు. చివరి వరసలో కూర్చున్నాను. నలభై సార్లు నెమ్మదిగా విన్న మనిషిని నేను. అంత వేగం ఆ వేళ్లలో ఉందని నాకు తెలియదు. బయటికొచ్చాక ఎప్పటిలాగే సాల్మియాలో దింపాను. దారిలో కిరాణా కొట్టు దగ్గర ఆపమని పాలు, రొట్టె కొనుక్కున్నారు. ఆ కచేరీకి ఇచ్చినది ఒక పూలగుత్తి.

డబ్బు కవరు మామా స్వయంగా ఇచ్చేది కాదు. నెలాఖరున శ్రీలంక పనిమనిషి చేత పంపేది. ఒక్కోసారి ఆ పనిమనిషి తెచ్చి నాకిచ్చేది, నేను మిస్‌కిచ్చేవాణ్ణి. తీసుకునేటప్పుడు ఆవిడ ముఖం పక్కకు తిప్పుకునేవారు. ఎందుకో ఒకసారి అడిగాను. షోపెన్ అని పారిస్‌లో ఒక మహా విద్వాంసుడు ఉండేవాడట, జీవితం మొత్తంలో బయట ఇచ్చిన కచేరీలు ముప్పై దాకా, బతికినది మాత్రం ఎక్కువగా పెద్దింటి ఆడవాళ్లకు పాఠాలు చెప్పి. పాఠానికి ఇరవై ఫ్రాంకులు. విద్యార్థి ఆ డబ్బు చలిమంట గూటి మీద పెట్టేదాకా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేవాడట. "నేను కిటికీ దగ్గర నిలబడే హోదా దాకా రాలేదు" అన్నారు.

2016లో ఆవిడ వెళ్లిపోయారు. ఆకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి, ఏదో బడి మీద ఉండేది, వాళ్లు పొడిగించలేదు. వారం తిరక్కుండా పియానో మీదికి వెండి ఫోటోలు వచ్చేశాయి.

మా తమ్ముడితో ఇదంతా చెప్పలేదు, చెబితే పొద్దుపోతుంది. మిగిలిన రెండు పాఠాల డబ్బు నేనే తీసుకుని ఆదివారం చర్చికి వెళ్లాను. వాన. మాస్టారు గొడుగు మడిచి మూలన పెట్టి, తడిసిన ప్యాంటు అంచు పైకి మడుచుకుంటున్నారు. వంతెన దగ్గర బస్సు ఆగిపోతే నడిచి వచ్చారట. ఆ రోజు నలుగురు పిల్లల్లో ఒక్కతే వచ్చింది, మా పిల్ల.

"ఎంతండీ ఇది?" అన్నారు నోట్లు చూసి. "రెండు వారాలు అమ్మాయి రాలేదు కదండీ."

"మీరు వచ్చారు కదా మాస్టారూ."

నోట్లు కీబోర్డు పక్కన పాటల పుస్తకం కింద పెట్టాను. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి, కాలువలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూస్తూ నిలబడ్డారు. మా పిల్ల అప్పటికే వాయించడం మొదలుపెట్టింది, ఎప్పటిలాగే తొందరగా.

"ష్వై, ష్వై" అన్నాను.

"అంటే ఏమిటి పెదనాన్నా?" అంది.